పది జానల తలుపు

మార్చి 3

చెల్లమ్మకు,

నీ అన్న రాసేది. దీవెనలు చివర్లో. ముందు సంగతి తేలాలి.

పదకొండేళ్ళుగా నా గొంతులో ఒక ముల్లు ఉంది. మింగుదామంటే దిగదు, ఉమ్ముదామంటే రాదు. ఈ రోజు కాగితం మీద పెడుతున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయంటావేమో, తల కాస్త వంచి చదువుకో. ఇన్నాళ్ళూ పాస్టరుగారి చేత రాయించడమే నేను చేసిన తప్పు. ఆయన దస్తూరీ ముత్యాలే, కాదనను. కానీ నేను చెప్పిన మాట ఆయన చెవిలోకి కారంలా వెళ్ళి కలంలోంచి తేనెలా కారుతుంది. నా కోపాలన్నీ వడగట్టి, పిప్పి పారేసి, నీకు దీవెనలు పంపాడు.

నేను అడిగేది ఒక్కటే. నా తలుపేది?

మొన్న నువ్వు పంపిన ఫోటో చేరింది. మీ మిషను ఆసుపత్రి గుమ్మం ముందు నువ్వూ, ఇద్దరు కొత్త నర్సులూ నిలబడ్డారు. నీ జుట్టు నెరిసిందని మీ వదిన బాధపడింది. నేను నీ జుట్టు చూడలేదు, నీ వెనకాల చూశాను. గుమ్మానికి దుప్పటి వేలాడుతోంది. నీలి గళ్ళ దుప్పటి. భూతద్దం పెట్టి కూడా చూశాను. దుప్పటే.

ఆ టేకు సంగతి నీకు తెలియనిది కాదు. మా ఇంటి వీధి గుమ్మానికని ఆరేళ్ళు నీడన ఎండబెట్టిన చెక్క అది. "అన్నయ్యా, ఆసుపత్రికి తలుపు లేదు, పది జానల ఎత్తు, నాలుగు జానల వెడల్పు" అని నువ్వు రాసిన రోజే అటక మీద నుంచి దించి, తలుపు చేసి పంపాను. అప్పుడు మీ వదిన ఒక్క మాట అనలేదు. అదంతా దాచుకుని పదకొండేళ్ళుగా రోజుకొకటి అంటోంది. మా ఇంటికి ఇప్పటికీ పెట్టెచెక్కలు కలిపి కొట్టిన తలుపే. నా పనితనం చూడాలనుకునేవాళ్ళు మా ఇంటికి మాత్రం రాకూడదు.

పోయిన ఆదివారం పాస్టరుగారు ప్రసంగం చేశాడు. మిషను పని మూడు కాళ్ళ పీటట. ప్రార్థన ఒక కాలు, పని ఒక కాలు, ఇవ్వడం ఒక కాలు. అక్కడిదాకా బాగానే చెప్పాడు. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలబడుతుంది, ఊగేది నాలుగు కాళ్ళదే, ఆ సంగతి నాకు ఆయనకన్నా బాగా తెలుసు. ఆ తర్వాత, "మన పని ఎవరికీ కనబడకపోయినా దేవుడు చూస్తాడు" అన్నాడు. దేవుడు చూస్తాడు, సరే. నా చెల్లెలు చూసిందా? ఇరవై ఆరేళ్ళుగా నువ్వు పంపిన ప్రార్థన మనవులన్నీ వడ్రంగి కొట్లో గోడకి మేకు కొట్టి వేలాడదీసి, రంపం ముట్టుకునే ముందు పేరుపేరునా చదివినవాణ్ణి నేను. ఇచ్చాను, పని చేశాను, ప్రార్థన చేశాను. మూడు కాళ్ళూ నావే. మరి పీట మీద దుప్పటి ఏమిటి?

కాబట్టి తెలుసుకో. ఈ రోజు నుంచి నా ప్రార్థన బంద్. మీ జీపు కదలకపోతే తోసుకోండి. బావిలో నీళ్ళు ఇంకితే తవ్వుకోండి. మీ పెద్ద డాక్టరు కోపం ఆయన భార్య చూసుకుంటుంది. నీ మోకాలు నొప్పి నీ మోకాలిదే, నాకేం పని?

ఇరవయ్యో తారీకులోపు జవాబు రాయి. దీవెనలు జవాబు చూశాక.

నీ అన్న

*

మార్చి 14

అన్నయ్యకు, వందనాలు. వదినకు ముద్దులు.

నీ చేతిరాత చూసి ఎవరో కొత్తవాళ్ళు రాశారనుకున్నాను. రెండో వాక్యానికే నువ్వని తెలిసిపోయింది. వాసన దాగుతుందా!

నువ్వు తలుపు గురించి అడిగినట్టు నాకు ఒక్క ఉత్తరంలోనూ రాలేదు అన్నయ్యా, ఒట్టు. పాత ఉత్తరాలన్నీ తీసి చూశాను. ప్రతిదాని అడుగునా పాస్టరుగారు తలుపు గురించిన వాక్యమొకటి రాసి ఉన్నారు, తట్టమనీ, తెరుచుకుంటుందనీ. ఏటా అదే వాక్యం ఎందుకా అనుకుని నేను ఏటా "ఆమెన్" అని జవాబిచ్చాను. నువ్వు అక్కడ పళ్ళు నూరుతున్నావని నాకేం తెలుసు?

తలుపు క్షేమంగా ఉంది. దిగులు పడకు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. కొత్త నర్సుల్లో ఒకామె రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోతోంది. నర్సుగా ఎందుకొచ్చావమ్మా అంటే, "పిలుపు వచ్చిందండీ, రక్తం సంగతి పిలుపులో లేదు" అంది. వచ్చే నెల ముప్పయ్యో తారీకున మిషను ఆఫీసు నుంచి పెద్దమ్మగారు చూడ్డానికి వస్తున్నారు. గోడలకు సున్నం వేయిస్తున్నాం.

నీకో విచిత్రం చెప్పనా? నువ్వు బంద్ అని రాసిన తేదీ నుంచి నా మోకాలు నొప్పి తగ్గింది. నిన్న మేడ మెట్లు కూడా ఎక్కాను. ఇన్నేళ్ళూ నువ్వు అడ్డం పడ్డావేమో, ఆలోచించుకో.

నీ చెల్లెలు

*

మార్చి 24

చెల్లమ్మకు,

"తలుపు క్షేమం" అంటే అర్థమేమిటి? తలుపేమైనా మన మేనత్తా, క్షేమంగా ఉండడానికి? తలుపు గుమ్మానికి ఉండాలి. తెరవాలి, మూయాలి. గుమ్మానికి లేని తలుపు క్షేమంగా ఉందంటే ఎక్కడో దర్జాగా కూర్చుందన్నమాట. ఎక్కడ? నాకు తెలుసు. ఆ పెద్ద డాక్టరు ఇంటికి పెట్టించుకున్నాడు. నువ్వు నోరు మూసుకున్నావు. చిన్నప్పుడూ అంతే. ఎవడైనా గట్టిగా అడిగితే చేతిలో చాక్లెట్టు ఇచ్చేసి, ఇంటికొచ్చి నా మీద ఏడ్చేదానివి.

ఇక్కడ నా పరువు ఎలా ఉందో చెప్తాను విను. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, "మన పెద్దన్న మిషను కోసం ప్రార్థన చేస్తారు" అన్నాడు. లేచి నిలబడ్డాను.

"నా ప్రార్థన ఇప్పుడు బంద్ అండీ."

"ఏం అన్నా, ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. తలుపు బాగాలేదు."

ఆడవాళ్ళ బల్లలన్నీ కిసుక్కుమన్నాయి. అందరికన్నా ముందు నవ్వింది మీ వదినే.

సాయంత్రం ఆయన కొట్టుకొచ్చాడు. నేను కుర్చీ కాలు బిగిస్తున్నాను. రంపపు పొట్టు మీదే కూర్చున్నాడు, తెల్ల ప్యాంటుతో.

"ప్రార్థనకి సమ్మె ఉండదన్నా" అన్నాడు.

"పనికి ఉంటుందా?"

"పనికి ఉంటుంది."

"ప్రార్థన కూడా పనే అని మొన్న ఎవరు చెప్పారు?"

ప్యాంటుకంటిన పొట్టు దులుపుకున్నాడు. తర్వాత లేచి, "మీకు బోధించినందుకు నాకు బుద్ధొచ్చింది" అని వెళ్ళిపోయాడు. మంచివాడే పాపం. ఉత్తరాలు రాయడమే రాదు.

మోకాలు సంగతి రాశావు. చదివి నాకు తిండి సహించలేదు. ఇరవై ఆరేళ్ళు నేను మోకాళ్ళూనితే తగ్గని నొప్పి, నేను లేచి నిలబడితే తగ్గిందా? దేవుడికి నా మీద కోపమా, నీ మోకాలికా? వేళాకోళమైతే ఇప్పుడే చెప్పెయ్యి. నిజమైతే అస్సలు చెప్పకు.

తలుపు ఏ ఇంట్లో ఉంది, ఎవరు వేసుకుంటున్నారు, ఎవరు తీసుకుంటున్నారు, సూటిగా రాయి. నీళ్ళు నమలకు.

నీ అన్న

*

ఏప్రిల్ 5

అన్నయ్యకు,

నీ ఉత్తరం మడతలో వదిన చీటీ ఒకటి దొరికింది. నువ్వు చూడలేదనుకుంటాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆయన మాట నమ్మకమ్మా. చిత్రిక పడుతూ పెదాలు కదుపుతున్నాడు. ఏంటని అడిగితే మేకులు లెక్కపెడుతున్నా అన్నాడు. మేకులు లెక్కపెట్టినవాడు చివర్లో ఆమెన్ అంటాడా?"

కాబట్టి నా మోకాలు తగ్గింది నీ దొంగ ప్రార్థనకే. మనసు కుదుట పడిందా? ఇప్పుడు కూర్చో. పక్కన ఉలీ సుత్తీ ఉంటే దూరంగా పెట్టు. చెప్తాను.

తలుపు ఏ ఇంటికీ పోలేదు. వచ్చిన రోజే ఆసుపత్రిలో చేరింది, ఈ రోజుకీ ఇక్కడే ఉంది. గుమ్మానికి పట్టలేదు, అంతే.

నేను జానలతో కొలిచి రాశాను, గుర్తుందా? నా జానలతో. నువ్వు నీ జానలతో చేశావు. నీ చెయ్యి చేటంత, నా చెయ్యి ఎంతో నీకు తెలుసు. లారీ మీద నుంచి దించి గుమ్మానికి ఆనిస్తే మూరెడు పైకి, జానెడు పక్కకి. పనివాడు రంపం తెచ్చాడు. "కోసేయనా అమ్మా?" అన్నాడు. ఆ నునుపు మీద చెయ్యి వేసి చూశాను. నువ్వు ఎన్ని రోజులు రుద్దావో నా వేళ్ళకి తెలిసింది. వద్దన్నాను. గుమ్మానికి దుప్పటి కట్టుకున్నాం. ఇక్కడికి దొంగలు రారు, నొప్పులే వస్తాయి, వాటికి తలుపు అడ్డమే.

నీకు ఎలా రాయను? పెళ్ళికొడుకుకి ఉంగరం వేలు కొలిచినట్టు కొలుస్తావని ఊరంతా అంటుంది నిన్ను. ఒక్క కొలతా తప్పనివాడికి, తప్పిందని, అదీ చెల్లెలి వల్ల తప్పిందని ఎలా రాయను? రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటే పదకొండేళ్ళయింది.

వచ్చిన రోజు సాయంత్రమే కాన్పుకి ఒకావిడ వచ్చింది. ఉన్న మంచం ఒక్కటీ కిందటి రోజే విరిగింది. నీ తలుపు తెచ్చి రెండు ఇటుకల తిన్నెల మీద పడుకోబెట్టాం, ఆవిణ్ణి దాని మీద పడుకోబెట్టాం. మొదటి నొప్పికే ఆవిడ కుడిచెయ్యి వెతుక్కుంటూ వెళ్ళి, తలుపుకి నువ్వు బిగించిన ఇత్తడి పిడిని పట్టుకుంది. చివరిదాకా ఆ పిడిని పట్టుకునే కన్నది అన్నయ్యా. ఆడపిల్ల. గుమ్మానికి సరిగ్గా పట్టి ఉంటే ఆ పిడి ఇంత పని చేసేది కాదు.

అప్పటి నుంచి ఇక్కడి ఆడవాళ్ళకి మంచం అంటే నచ్చదు. "తలుపెక్కుతా" అంటారు. మా బళ్ళో కూర్చునే పిల్లల్లో సగం మంది తలుపు మీద పుట్టినవాళ్ళే. ఒక ముసలామె కోడల్ని ఇలా అదిలించింది: "ఊరికే అరుస్తావేంటే, పిడి పట్టుకో! నీ మొగుడు నాకు ఉత్త నేల మీద పుట్టాడు." కుడిచేతికి నీ పిడి ఉంది. ఎడమచేతికి నా మణికట్టు. నెలలో సగం రోజులు అది కమిలే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడం చేతకాకే ఇంతసేపు చుట్టూ తిరిగాను.

పలకల మధ్య సందులు పడ్డాయి. నీ పనితనం లోపం కాదు, పదకొండేళ్ళ రక్తమూ వేడినీళ్ళూ. ఎంత కాచిన నీళ్ళు పోసి రుద్దినా ఆ సందుల్లో ఏం మిగిలిందో కంటికి కనబడదు. పోయిన వానాకాలం ఇద్దరు బాలింతలకి జ్వరం వచ్చింది. ఒకామె తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఇద్దరూ దక్కారు. మూడో ఆమె దక్కుతుందా అని చూస్తూ కూర్చోలేను. ఇనుప కాన్పు మంచం కావాలని ఆఫీసుని అడిగాను. పెద్దమ్మగారు ముప్పయ్యో తారీకున వచ్చి చూసి చెప్తారట. ఇప్పటికి రెండుసార్లు లేదన్నారు.

ఆ మంచం రావాలని ప్రార్థన చెయ్యి అన్నయ్యా. నీ తలుపుని గదిలోంచి తీయించమని నిన్నే అడుగుతున్నాను, తెలుసు. ఇంకెవరిని అడిగినా నీ వెనకాల చేసినట్టవుతుంది.

నీ చెల్లెలు

*

ఏప్రిల్ 15

చెల్లమ్మకు,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మీ వదినకి పండగలా ఉంది.

ముందు నా తరఫు మాట విను. తలుపు గుమ్మానికి పట్టలేదన్నావు. తలుపు పెద్దది కాదు, గుమ్మం చిన్నది. గోడ కొట్టి ఉండాల్సింది. నన్ను పిలిస్తే నేనే కొట్టేవాణ్ణి.

అయినా చూద్దామని మీ వదినని పిలిచాను, ఆమె చెయ్యీ నీ అంతే.

"చెయ్యి చాపు."

"ఏం పెడతావు?"

"ఏమీ పెట్టను, కొలుస్తాను."

"నలభై ఏళ్ళ తర్వాత కొలతా! గాజులకా?"

ఆమె జానకీ నా జానకీ రెండు వేళ్ళ తేడా ఉంది. పది జానలకి ఎన్నో నువ్వే లెక్క వేసుకో, నేను వేసి కూర్చుండిపోయాను. సంగతి ఏమిటో చెప్పేదాకా వదల్లేదు. చెప్పాక గాజులు రాలేదన్న కోపం కూడా మరిచిపోయి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "అయితే నా గుమ్మం టేకు మీద అంతమంది పుట్టారా?" అంది. ఆ రోజు నుంచి పెట్టెచెక్కల తలుపు గురించి ఒక్క మాట అనలేదు. ఈసారి నిజంగానే అనలేదు.

నా అతుకులకి సందులు పడ్డాయని రాశావు. ఇంకెవరైనా రాసి ఉంటే ఆ ఉత్తరం పొయ్యిలో ఉండేది. కానీ నా కొట్లో ఒక పీట ఉంది, మన నాన్న చేసింది, నీళ్ళ పీట. దాన్ని తిరగేసి చూశాను. నాన్న చేతికీ సందులు పడ్డాయి. నీళ్ళ ముందు ఎవరి పనితనమూ నిలవదు.

ప్రార్థన సంగతి. దాచను. మొదటి రోజు "ప్రభువా, ఆ ఇనుప మంచం" అనేసరికి దగ్గు పట్టుకుంది. నీళ్ళు తాగొచ్చి పని మొదలెట్టేశాను. రెండో రోజు, "ఇనుప మంచం ఇయ్యి, కానీ తొందరేం లేదు" అన్నాను. మూడో రోజు ఆ తొమ్మిది రోజులు మాట్లాడని మనిషి గుర్తొచ్చింది. ఆమెకి ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉన్నారో ఏమో, నువ్వు రాయలేదు. చేతిలో చిత్రిక పక్కన పెట్టి, పూర్తిగా అడిగాను. "నా తలుపు తీయించి ఇనుప మంచం వేయించు, ముప్పయ్యో తారీకు, ఆ పెద్దమ్మ చేతే ఇప్పించు, మూడోసారి లేదననివ్వకు" అని తేదీతో సహా చెప్పాను. అప్పటి నుంచి రోజూ చెప్తున్నాను. పాస్టరుగారికి చెప్తే ఆదివారం సంఘమంతా చేసింది. ఆయన ప్రార్థనలో నా తలుపుకి సమాధి చేసినంత పని చేశాడు. కూర్చోమన్నాను.

తలుపుని తర్వాత ఏం చేస్తావని అడగను. దానికి ఒక పని అనుకుని పంపాను, అది ఇంకో పని చేసింది. చెక్కకి ఉన్న బుద్ధి నాకు లేకపోయింది. విరగ్గొట్టి వంటకి వాడుకున్నా సరే, నాకు మాత్రం రాయకు.

ఇప్పుడు నేను అడిగేదానికి జవాబు చెప్పు. ఇక్కడి పెద్దాసుపత్రికి వెళ్ళి, ఇనుప కాన్పు మంచం ఎలా ఉంటుందో చూడాలన్నాను. ముసలాడివి నీకెందుకన్నారు. కుర్చీలు బాగుచేస్తానని లోపలికి పోయి చూసొచ్చాను. పక్కనంతా ఉత్త గొట్టం. నున్నగా, చల్లగా, తడిచేతికి జారిపోయేలా ఉంది. దానికి పిడి ఏది? మంచం చేసినవాడు మగాడై ఉంటాడు. తలుపు మీద పిడి దొరికినట్టు వాళ్ళ చేతికి అక్కడ ఏం దొరుకుతుంది? పైగా పదకొండేళ్ళు వాళ్ళంతా ఒంటిచేత్తో కన్నారా? ఎడమచెయ్యి ఏం పాపం చేసింది? నీ మణికట్టు దానికి పిడా?

ఆ ఇత్తడి పిడికి జత ఇంకొకటి ఉంది. నా పనిముట్ల పెట్టెకి ఉండేది, నిన్న ఊడదీశాను. పెట్టెని చంకలో పెట్టుకుపోతాను, నాకేం. తలుపుది నువ్వు ఊడదీయించు. కుడికొకటి, ఎడమకొకటి. ఇనుప గొట్టానికి బిగించే పట్టీలు నేను చేయించి పంపుతాను. మరలు తిప్పితే ఊడేలా చేయిస్తాను, ఊడదీసి కాచిన నీళ్ళలో వేసుకోండి, ఒక్క సందు ఉండదు.

మంచం ఇంకా రాలేదు, కొలతెలా అంటావు. ఆఫీసు వాళ్ళు మీకు పంపే రకం మంచమే పట్నంలో మీ మిషను ఆసుపత్రిలో ఉంటుంది. మనిషిని పంపి ఆ గొట్టం చుట్టూ దారం చుట్టించు, ముడి వేయించు, ఆ దారమే కవర్లో పెట్టి పంపు. అంకె రాయకు. జాన, వేలు, బెత్తెడు, ఏదీ రాయకు. నీ లెక్కల మీద నాకున్న గౌరవం పోయింది.

పెద్దమ్మగారు వచ్చేలోపు పట్టీలు నీ చేతిలో ఉండాలి. మంచం అడిగేటప్పుడు అవీ ఆమెకి చూపించు. వడ్రంగి చేయించాడని చెప్పు, అన్న అని చెప్పకు. నువ్వు అన్న అంటే ఆమె జాలిపడుతుంది. వడ్రంగి అంటే పట్టుకుని చూస్తుంది.

దీవెనలు ఇవిగో, ముందూ వెనకా అన్నీ కలిపి. మీ వదిన కూడా ఇస్తోంది. రక్తం చూస్తే పడిపోయే ఆ పిల్ల సంగతి కూడా నా గోడ మీద రాశాను, పడకుండా చూసుకోమని.

ఇరవై రెండో తారీకులోపు ఆ దారం నా చేతికి రావాలి. ఇరవై మూడైతే పట్టీలు చేయించడానికి టైము చాలదు, మంచం వచ్చాక మొదట కాన్పుకొచ్చే ఆడమనిషి ఉత్త గొట్టం పట్టుకోవాలి. ఆమెకి నువ్వు జవాబు చెప్పుకుంటావా, నాకు చెప్తావా? ఇరవై రెండు.

నీ అన్న